పాత డెక్ చోటనే కొత్తదా?

సంపాదకులకు,

అమెరికాలో పెరటి డెక్ పాడైతే, ఊడదీసి అదే చోట కొత్తది వేసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదని గత సంచికలోని వ్యాసం భరోసా ఇచ్చింది. ఆ మాట నమ్మినవాళ్లు నష్టపోతారు.

వ్యాసకర్త రెండు వేర్వేరు నిబంధనలను కలిపేశారు. ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం 200 చదరపు అడుగులు మించకుండా, నేలకు 30 అంగుళాల ఎత్తు దాటకుండా, ఇంటికి అతకకుండా, తప్పనిసరి బయటి ద్వారానికి దారి కాకుండా ఉన్న డెక్‌కు నిర్మాణ అనుమతి అక్కర్లేదు. కానీ సరిహద్దు నుంచి ఎంత స్థలం వదలాలో చెప్పేది జోనింగ్. ఆ మినహాయింపు దీన్ని రద్దు చేయదు. ఇలా స్థలం వదలమనే సెట్‌బ్యాక్ గీత చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 1927లోనే, గోరీబ్ వర్సెస్ ఫాక్స్ కేసులో తేల్చింది.

పాత డెక్ గీత దాటి ఉన్నా, నిబంధన రాకముందే చట్టబద్ధంగా కట్టినదైతే దాన్ని సాధారణంగా ఉండనిస్తారు, మరమ్మతుకూ ఒప్పుకుంటారు. స్తంభాలతో సహా పీకేస్తే మాత్రం చాలా ఊళ్లలో ఆ వెసులుబాటు పోతుంది; కొత్తది నేటి కొలతలకే లోబడాలి. అసలు అనుమతే లేకుండా కట్టినదానికి ఆ రక్షణ ఎక్కడిది?

ఇక కంచే హద్దు అనుకోవడం మరో పొరపాటు. సర్వే పటమే ఆధారం. గీత దాటి కట్టాలంటే పక్కింటివాళ్లు సరేనన్నా చాలదు, జోనింగ్ బోర్డు విచారణ జరిపి వేరియన్స్ (ప్రత్యేక సడలింపు) ఇవ్వాలి.

అక్కడ ఇళ్లు కొంటున్న తెలుగు కుటుంబాలు మీ పత్రిక చదువుతున్నాయి. దయచేసి వచ్చే సంచికలో సవరణ వేయండి.

— ఒక పాఠకుడు