గురివింద అతిమధురం కాదు

దగ్గు పట్టుకుంటే పెద్దవాళ్లు మన బుగ్గన ఒక చిన్న పుల్ల పెట్టి చప్పరించమంటారు. ఊరేకొద్దీ తీయనయ్యే ఆ పుల్ల పేరు అతిమధురం. సంస్కృతంలో యష్టిమధువు, అంటే తీపికర్ర. నిజానికది కర్ర కాదు, గ్లిసిరైజా గ్లాబ్రా అనే మొక్క వేరు. మన కంది, చిక్కుడు కుటుంబానికి చెందినదే. కాని మధ్యధరా తీరం నుంచి మధ్య ఆసియా దాకా పెరిగే మొక్క కావటంచేత మనకు ఎక్కువగా విదేశాల నుంచే వస్తుంది.

వరంగల్లు చుట్టుపక్కల కంచెల మీద పాకే గురివిందకు ఇంగ్లీషులో ‘ఇండియన్ లికోరిస్’, అనగా భారతీయ అతిమధురం, అని పేరుంది. దాని వేరూ ఆకూ కాస్త తీయగా ఉండటమే కారణం. ఆ వేరును అతిమధురానికి బదులు వాడటం కూడా కద్దు. నా మట్టుకు ఈ పేరును మనం మరచిపోవటమే మేలంటాను.

ఎందుకంటారా? కంసాలులు తూనికకు వాడిన ఆ ఎర్రని గింజ బరువు సుమారు 0.12 గ్రాము. అందులో ఎబ్రిన్ అనే విషం ఉంది. కణాలలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోములను అది పాడుచేస్తుంది. పెంకు పగలకుండా మింగిన గింజ చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. నమిలినా, నూరినా ప్రాణాపాయమే. విరుగుడు మందు లేదు. ఎవరైనా మింగితే నాటువైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. గురివింద తన నలుపు ఎరుగదని సామెత. మనమైనా ఎరగాలి గదా!

పోనీ, అసలు అతిమధురాన్ని ఎంతైనా తినవచ్చునా? దాని తీపికి మూలం గ్లిసిరైజిన్. పంచదార కన్న దాదాపు 50 రెట్లు తీపి. మిఠాయిలకే కాదు, విడ్డూరంగా సిగరెట్ల పొగాకుకు కూడా దీనితో రుచి కూరుస్తారు. 1946లో రెవర్స్ అనే డచ్చి వైద్యుడు కడుపుపుండుకు అతిమధురం సారం ఇస్తే గుణం కనిపించింది, కాని కొందరికి ఒళ్లు వాచింది. కార్టిసాల్ అనే హార్మోనును అణచే ఎంజైమును గ్లిసిరైజిన్ అడ్డగించటంవల్ల మూత్రపిండాలు ఉప్పును నిలిపి, పొటాషియంను వదిలేస్తాయి. రక్తపోటు పెరుగుతుంది. చిన్న ముక్కతో భయం లేదు. రోజుల తరబడి తింటేనే చిక్కు.

వరంగల్లులోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. మూలికలను గుర్తుపట్టటం అక్కడి చదువులో భాగం. అక్కడివారు ఈ రెండు వేళ్లనూ బడిపిల్లలకు పక్కపక్కన పెట్టి చూపితే ఎంత బాగుంటుంది! మూలికల పొట్లాలమీద మొక్క శాస్త్రీయ నామం తప్పనిసరిగా ఉండాలని కూడా నా అభిప్రాయం. ఆ పేరు లేని పొడి వద్దని చెప్పి, కొట్టులో వేరునే అడగండి. అసలు అతిమధురాన్ని విరిస్తే లోపల పసుపుపచ్చగా, నారనారగా ఉంటుంది.