పోయింది డిస్క్ కాదు మహాప్రభో, కనెక్టరు!

‘హార్డ్ డిస్క్ పోయిందటండీ’ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. చెప్పినవాడి మీద కాదు, అలా చెప్పి పంపించిన రిపేరువాడి మీద. బూట్ డివైస్ దొరకలేదని నల్లతెర మీద వచ్చిందంటే కనబడలేదనే అర్థం, చచ్చిపోయిందని కాదు. ఫోన్ ఎత్తకపోతే మనిషి పోయాడని దినం భోజనాలు పెట్టేస్తామా? లైను తెగి ఉండొచ్చు కదా!

ఇంతకీ సంగతేమిటంటే, ఇక్కడ న్యూజెర్సీలో ఒక మిత్రుడి పాత ల్యాప్‌టాప్‌ని వాళ్ళ బుడ్డోడు టేబుల్ మీంచి లాగి పడేశాడు. ఆ బుడ్డోడు పుట్టినప్పటి ఫొటోలన్నీ అందులోనే (బ్యాకప్ గురించి ప్రవచనం ఇంకోసారి). షాపువాడు, పేరు అనవసరం, మదర్‌బోర్డు మార్చాలి, 480 డాలర్లు అన్నాడు. డేటా కావాలంటే ఇంకో కంపెనీకి పంపాలట, అది వేరే లెక్కట. పైగా ‘ఈ డబ్బుకి కొత్తదే వస్తుంది’ అని ఉచిత సలహా. మావాడు కొత్తది కొనేవాడే, ఫొటోలు లేకపోతే.

చాలా ల్యాప్‌టాప్‌లలో 2.5 అంగుళాల డిస్క్ నేరుగా మదర్‌బోర్డులోకి దిగదు. మధ్యలో నాలుక మందాన ఒక బద్దీ కేబుల్ ఉంటుంది. దానికి ఒక పక్క సాటా కనెక్టరు, డేటాకి 7 పిన్నులు, కరెంటుకి 15. రెండో పక్క మదర్‌బోర్డు మీద చిన్న ప్లాస్టిక్ గొళ్ళెం కింద దూరుతుంది. కింద పడితే ఆ బద్దీ జారడమో, కనెక్టరు చీలడమో ఎక్కువ. మావాడిదీ అదే, సాటా కనెక్టరు నిలువునా చీలింది. కేబుల్ మీదే పార్ట్ నంబర్ అచ్చేసి ఉంది. పద్నాలుగు డాలర్లు. బ్యాటరీ తీగ ఊడదీసి, గోటితో గొళ్ళెం మెల్లిగా లేపి, పాతది తీసి కొత్తది పెట్టడానికి పావుగంట. అందులో పది నిమిషాలు స్క్రూలకే!

ఈ తేడా కనిపెట్టడానికి మాస్టర్స్ డిగ్రీ అక్కర్లేదు. డిస్క్ బయటకి తీసి యూఎస్‌బీ అడాప్టరుకి తగిలిస్తే సరి, చదివితే డిస్క్ బతికే ఉంది. ఇంకొంచెం ఓపికుంటే స్మార్ట్ లెక్కలు చూడండి. 199వ నంబరు, సీఆర్‌సీ తప్పులు పెరుగుతుంటే అనుమానం కేబుల్ మీద. 5, 197 నంబర్లు పెరుగుతుంటే జబ్బు డిస్క్‌దే. షాపువాడికి ఇది తెలియదంటే నేను నమ్మను. తెలిసీ చెయ్యడు, ఎందుకంటే పద్నాలుగు డాలర్ల కేబుల్‌లో వాడికి మిగిలేది ఏముంది?

డిస్క్ వైపున్న ప్లాస్టిక్ నాలుక విరిగితే మాత్రం కథ వేరు, ఒప్పుకుంటాను. అదే మోడల్ డిస్క్ నుంచి కింది బోర్డు తెచ్చి తగిలిస్తే చాలదు. ఆ డిస్క్‌కే ప్రత్యేకమైన లెక్కలు బోర్డు మీది చిప్పులో ఉంటాయి, దాన్ని కూడా మార్చి అతకాలి. అది చెయ్యి తిరిగినవాడి పని. అలాంటివాళ్ళని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో చూశాను. కంటికి భూతద్దం, చేతిలో సోల్డరింగ్ ఐరన్, పక్కన చల్లారిపోయిన టీ. ఇక్కడ అలాంటి మనిషి బతకడమే కష్టం, విడిభాగం కావాలన్నా కంపెనీ అమ్మదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. న్యూయార్క్ గవర్నరు 2022 డిసెంబరులో రిపేరు హక్కు చట్టం మీద సంతకం పెట్టారు. కానీ సంతకం దాకా వచ్చేసరికి అందులో బాగా నీళ్ళు కలిసిపోయాయి. విడిగా అమ్మితే బిగించేటప్పుడు దెబ్బ తగిలే ప్రమాదం పెరుగుతుందనుకుంటే కంపెనీ ఆ ముక్క బదులు మొత్తం అసెంబ్లీ అమ్ముకోవచ్చు. మంచి సందు! అదీ 2023 జులై 1 నుంచి వచ్చిన వస్తువులకే. మావాడి ల్యాప్‌టాప్ అప్పటికే ముసలిది. మన దేశంలోనూ కేంద్రం 2022లో కమిటీ వేసి, పోర్టల్ తెరిచింది. పోర్టల్‌లో కనెక్టరు దొరకదు కదండీ.

‘స్టిక్కర్ చింపితే వారంటీ పోతుంది’ అని బెదిరిస్తారు చూడండి, అలాంటి మాటలకే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో ఆరు కంపెనీలకి హెచ్చరిక ఉత్తరాలు రాసింది. అయినా మన సాఫ్ట్‌వేర్ జనం స్టిక్కర్ చూస్తే గుళ్ళో చెప్పులు విడిచినంత భక్తిగా వెనక్కి తగ్గుతారు. ఆఫీసులో రోజుకి వంద బగ్గులు విప్పి చూసేవాడు ఇంట్లో నాలుగు స్క్రూలు విప్పడానికి జంకుతాడు. ‘ఎందుకొచ్చిన గొడవ, కొత్తది కొనేద్దాం’ అంటాడు. మనవాళ్ళూ తక్కువ తినలేదన్నమాట.

మనం కనెక్టరు విరిగిందని కొట్టుకుంటుంటే కంపెనీలు అసలు కనెక్టరే తీసి పారేశాయి. 2016లో వచ్చిన టచ్ బార్ మ్యాక్‌బుక్ ప్రోలో స్టోరేజిని బోర్డు మీదే అతికేశారు. బోర్డు పోతే ఫొటోలూ దానితోపాటే, బయటకి తీసి అడాప్టరుకి తగిలించడానికి ఏమీ లేదు. ఎందుకిలా అని అమ్మేవాణ్ణి అడిగితే ‘సన్నగా ఉంటుందండీ’ అంటాడు. సన్నగా ఉంటే నాకేం, దాన్ని పెసరట్టులా చుట్టుకుని తింటానా?