కలిసి రావడమా, కలిసొస్తే రావడమా?

విశాఖపట్నంలో మద్దిలపాలెం నుంచి గాజువాక వైపు బస్సులో వెళ్ళేవారికి ఒక ఇంగ్లిషు మాట పదేపదే కంటబడుతుంది. పెళ్ళిళ్ళు జరిగే పెద్ద హాళ్ళ మీద 'కన్వెన్షన్‌' అని రాసి ఉంటుంది. ఆ పక్కనే ఏ గోడ మీదో మూడు రోజుల 'కన్వెన్షన్‌ సభల' పోస్టరు అతికించి ఉంటుంది. మన సంఘాల్లో ఈ మాట తెలియని విశ్వాసి ఉండడు. "ఈ ఏడు కన్వెన్షన్‌కు ప్రసంగీకులెవరండీ?" అని అడుగుతాం. "కుటుంబ సమేతంగా రావాలి సుమండీ" అని పిలుస్తాం. ఆ మాట వింటేనే పందిళ్ళు, మైకులు, భోజనాల బంతులు, కానుకల సంచులు కళ్ళముందు మెదులుతాయి. అయితే అసలు ఆ మాటకు అర్థమేమిటి? అది ఎక్కడి నుంచి వచ్చింది? ఈ వారం ఆ ఒక్క మాటనే పట్టుకుని ధ్యానిద్దాం. మన కూడికలను పరీక్షించే ఒక ప్రశ్న ఆ మాట లోపలే దాగి ఉంది.

కన్వెన్షన్‌కు మూలం లాటిన్‌ భాషలోని 'కన్వెనీరే' అనే క్రియ. 'కన్‌' అంటే కలిసి, 'వెనీరే' అంటే రావడం. రెండూ చేరితే కలిసి రావడం. ఈ ఒక్క వేరు నుంచి ఇంగ్లిషులో చాలా కొమ్మలు పుట్టాయి. సభను పిలిచే కన్వీనర్‌ దాని బిడ్డే. సన్యాసినులు కలిసి నివసించే కాన్వెంటు కూడా దాని బిడ్డే. మనవాళ్ళు ఇంగ్లిషు మీడియం బడులన్నిటికీ ఆ పేరే ఖాయం చేశారు. ఈ కుటుంబంలో మరో ఇద్దరున్నారు. మనకు ముఖ్యమైనది వారి సంగతే. ఒకటి 'కన్వీనియన్స్‌', అంటే వీలు, సౌకర్యం. రెండోది 'కవనెంట్‌', అంటే నిబంధన. సీనాయి కొండ దగ్గర దేవుడు ఇశ్రాయేలీయులతో చేసిన నిబంధనను ఇంగ్లిషు బైబిలు ఈ మాటతోనే పిలుస్తుంది. వీలు, నిబంధన ఒకే తల్లి బిడ్డలన్న మాట.

కలిసి రావడం నుంచి వీలు ఎలా పుట్టిందని ఆశ్చర్యపోనక్కరలేదు. మన తెలుగులోనూ అదే జరిగింది. 'కలిసి వచ్చారు' అంటే నలుగురూ కూడి వచ్చారని అర్థం. 'కలిసొచ్చింది' అంటే మనకు అనుకూలించిందని అర్థం. కలిసివచ్చే కాలం వస్తే నడిచివచ్చే కొడుకు పుడతాడని పెద్దలు అననే అన్నారు. అక్కడ లాటిన్‌వారికీ ఇక్కడ మనకూ ఒకే మాట రెండు దారులు పట్టింది. ఒకటి నలుగురి వైపు పోతుంది, మరొకటి నా లాభం వైపు పోతుంది. ఆదివారం ఉదయం మందిరానికి బయలుదేరే ప్రతి విశ్వాసీ ఆ రెండు దారుల కూడలిలోనే నిలబడతాడు. మనం కలిసి వస్తున్నామా, కలిసొస్తేనే వస్తున్నామా?

ఆత్మీయ సభలకు కన్వెన్షన్‌ అనే పేరు స్థిరపడటంలో ఇంగ్లండులోని కెస్విక్‌ అనే చిన్న ఊరి పాత్ర పెద్దది. 1875లో అక్కడ గుడారం వేసి మొదలుపెట్టిన కూటాలనే కెస్విక్‌ కన్వెన్షన్‌ అన్నారు. వేర్వేరు శాఖలకు చెందిన విశ్వాసులు క్రీస్తులో తామంతా ఒక్కటేనని చెప్పుకుంటూ అక్కడ కూడుకున్నారు. మన దేశంలో పంపానది ఇసుక తిన్నెల మీద 1895లో మొదలైన మారామన్‌ కన్వెన్షన్‌ అందరికీ తెలిసినదే. అయితే మన ఉత్తర కోస్తాలో ఈ మాటకు ఇంకో వాడుక కూడా ఉంది. 1874లో కాకినాడలో సేవ మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టు మిషనరీల పని నుంచి పుట్టిన సంఘాల సమాఖ్య పేరే 'ఉత్తర సర్కారు బాప్టిస్టు సంఘముల కన్వెన్షన్‌'. నెల్లూరు వైపు అమెరికన్‌ బాప్టిస్టుల సేవలో పుట్టిన సంఘాలు తమ సమాఖ్యకు అచ్చంగా 'సమావేశం' అని పేరు పెట్టుకున్నాయి. ఈ పేర్లలో ఉన్నది మూడు రోజుల సభ కాదు. పందిరి విప్పేశాక కూడా విడిపోకూడని బంధం. ఒక సంఘానికి కష్టం వస్తే మరో సంఘం పక్కన నిలబడాలన్న ఒప్పందం.

ఇక లేఖనంలోకి వెళదాం. క్రీ.శ. 55 ప్రాంతంలో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం తెరవండి. 17వ వచనం నుంచి 34వ వచనం దాకా చదివితే 'కూడి రావడం' అనే మాట ఐదుసార్లు కనిపిస్తుంది. ఆయన వాడిన గ్రీకు క్రియకు కూడా కలిసి రావడమనే అర్థం. వల్గేట్‌ అనే ప్రాచీన లాటిన్‌ బైబిలులో ఆ ఐదు చోట్లా ఉన్నది మన 'కన్వెనీరే'. కనుక కన్వెన్షన్‌ గురించి బైబిలులో ఒక పాఠం వెతుక్కుంటే అది ఇక్కడ దొరుకుతుంది. కానీ ఆ పాఠం పొగడ్తతో మొదలవదు, మందలింపుతో మొదలవుతుంది. మీరు కూడుకోవడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతోందని అపొస్తలుడు మొహమాటం లేకుండా చెప్పాడు.

అక్కడ జరిగిన తప్పేమిటి? తంటా భోజనం దగ్గర వచ్చింది. కలిగినవారు ముందే వచ్చి తమ భోజనం తాము చేసేస్తున్నారు. వెనుక వచ్చిన పేదలు ఆకలితో ఉండిపోతున్నారు. కొరింథు కూడా మన విశాఖలాగే ఓడలతో బతికిన పట్టణం. దానికి రెండు రేవులుండేవి. ఫీబే సేవ చేసిన కెంక్రేయ అందులో ఒకటి. ఆ రోజుల్లో ఆదివారానికి సెలవు లేదు. రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్‌ ఆదివారం విశ్రాంతిని చట్టం చేసింది 321లో. దాసులు, కూలీలు యజమాని పని ముగిశాకే రాగలిగేవారు. తీరిక ఉన్నవారికి కలిసొచ్చిన వేళ అలసినవారికి కలిసిరాలేదు. తెలుగులో కూడిక అన్నా కూడు, అన్నం అన్నా కూడే. ఒకడికి కూడు లేకుండా చేసిన కూడిక ప్రభువు బల్ల కాదని పౌలు తేల్చేశాడు.

ఆ అధ్యాయం మధ్యలోనే, 25వ వచనంలో, ప్రభువు తన రక్తం వలన కలిగిన క్రొత్త నిబంధన గురించి చెప్పిన మాట ఉంది. కన్వెన్షన్‌, కవనెంట్‌ రెండూ ఒకే బల్ల దగ్గర కలుసుకున్నాయి. నిబంధన గిన్నె చేతిలో పట్టుకుని వీలు చూసుకునేవారిని అపొస్తలుడు నిలదీశాడు. అందుకు ఆయన చెప్పిన మందు చాలా చిన్నది. భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరికోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి అన్నాడు. కొత్త ఆచారాలేవీ పెట్టలేదు. ఆగండి అన్నాడు, అంతే.

ఆ మాట విశాఖకు సూటిగా తగులుతుంది. ఈ ఊరికి పూర్తి ఆదివారం లేదు. ఉక్కు కర్మాగారంలో కోక్‌ ఓవెన్లను ఒకసారి వెలిగించాక చల్లారనివ్వకూడదు. చల్లారితే లోపలి ఇటుకలు పగిలిపోతాయి. అందుకే పండుగైనా పబ్బమైనా షిఫ్టు నడవాల్సిందే. ఓడ రేవుకు చేరాక సరుకు దించే కళాసీకి వారం లేదు. సముద్రం మీదికి వెళ్ళిన మరపడవ ఆదివారం చూసుకుని తిరిగి రాదు. ఆస్పత్రిలో నర్సమ్మకు, అపార్టుమెంటు వాచ్‌మన్‌కు, నాలుగిళ్ళలో పాచిపని చేసే అక్కకు తొమ్మిదింటి ఆరాధన అందుబాటులో లేదు. రాత్రి షిఫ్టు దిగి, ఎర్రబడిన కళ్ళతో వెనుక వరుసలో కూర్చుని కునుకు తీసే సహోదరుణ్ణి మనం ఎలా చూస్తున్నాం? నిర్లక్ష్యమని విసుక్కుంటున్నామా, అంత అలసటలోనూ వచ్చాడని సంతోషిస్తున్నామా?

అదే ఉక్కు కర్మాగారం మరో పాఠం కూడా చెబుతుంది. బైలదిల్లా కొండల నుంచి ఇనుప ఖనిజం రైళ్ళలో వచ్చింది. జగ్గయ్యపేట నుంచి సున్నపురాయి, మాధారం నుంచి డోలమైటు వచ్చాయి. కోకింగు బొగ్గు ఓడల్లో సముద్రాలు దాటి వచ్చింది. ఎంత దూరం నుంచి వచ్చినా యార్డులో గుట్టలుగా పడి ఉన్నంతకాలం ఖనిజం ఖనిజమే, బొగ్గు బొగ్గే. ఒకే కొలిమిలోకి దిగాకే ఇనుము కరిగి బయటికి వస్తుంది. మన కన్వెన్షన్‌ పందిట్లోనూ గుట్టలుంటాయి. ముందు సోఫాల్లో ఒక గుట్ట, వెనుక పట్టాల మీద ఒక గుట్ట. ఇంగ్లిషు ఆరాధనవారు ఒకవైపు, తెలుగు ఆరాధనవారు ఒకవైపు. పెళ్ళి మాట వచ్చేసరికి కులం చూసుకునేవారు కూడా అక్కడే ఉంటారు. పక్కపక్కన కూర్చోవడం మూడు రోజుల్లో అయిపోతుంది. ఒకరి భారం ఒకరికి అంటుకోవడమే కష్టం.

ఈ ఊరి క్రైస్తవ చరిత్ర మొదలైనదే కష్టంలో కలిసి కూర్చున్న కొద్దిమందితో. 1805లో లండన్‌ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్‌ క్రాన్‌, అగస్టస్‌ డి గ్రాంజెస్‌ విశాఖపట్నం చేరారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రీస్తు విశ్వాసంలోకి వచ్చిన ఆనందరాయరు వారికి తోడయ్యాడు. పుట్టుక వేరు, భాష వేరు. అయినా సువార్తలను తెలుగులోకి తేవడానికి ఒక్క బల్ల దగ్గర కూర్చున్నారు. లోకం లెక్కన చూస్తే వారికి కలిసొచ్చిందేమీ లేదు. క్రాన్‌ 1809లో, డి గ్రాంజెస్‌ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయి సేరంపూరు నుంచి వెలువడింది 1812లో. మొదలుపెట్టిన ఆ ఇద్దరూ ఆ పుస్తకాన్ని చేత్తో పట్టుకోలేదు. ఈ రోజు మనం ఒడిలో పెట్టుకుని చదువుకునే తెలుగు లేఖనాల వెనుక, వీలు చూసుకోని అలాంటి కూడిక ఉంది.

మరి మన సంగతి? 2020 మార్చిలో లాక్‌డౌన్‌ వచ్చి మందిరాల తలుపులు మూతపడ్డాయి. అప్పుడు సెల్‌ఫోన్‌లో వచ్చిన ఆరాధన దేవుని దయే. మంచం పట్టిన పెద్దలకు, దూర దేశాల్లో ఉన్న పిల్లలకు అది ఇప్పటికీ మేలే చేస్తోంది. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ తలుపులు తెరిచి ఏళ్ళు గడిచినా, ఒళ్ళు బాగున్నవారు కాఫీ కప్పుతో సోఫాలో కూర్చుని ప్రసంగాన్ని ముందుకు జరుపుకుంటూ చూస్తే దాన్ని ఏమనాలి? అది వీలు. ఫోన్‌లో మనం ఎవరికోసమూ ఆగనక్కరలేదు. మన పక్కన ఎవరి బిడ్డ ఏడుస్తోందో, ఎవరి కుర్చీ ఖాళీగా ఉందో తెలియదు. సమాజంగా కూడుకోవడం మానవద్దని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం చెప్పింది ఒకరినొకరు పురికొల్పుకోవడానికే.

కనుక ఈ ఏడాది కన్వెన్షన్‌ కమిటీలు కూర్చున్నప్పుడు ప్రసంగీకుల పేర్ల కంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలని మా మనవి. మనం ఎవరికోసం ఆగబోతున్నాం? షిఫ్టు దిగి వచ్చేవారికి అన్నం ఉంచుతామా? రాత్రి ఆలస్యమైతే పేద తల్లులను ఇంటికి చేర్చే ఏర్పాటు ఉందా? ఆదివారం రాలేనివారికి వారం మధ్యలో ఒక చిన్న కూటం పెట్టగలమా? నాలుగు వారాలుగా కనిపించని కుటుంబం ఇంటికి వెళ్ళేదెవరు? ఇవి పోస్టరు మీదికి ఎక్కే సంగతులు కావు. కానీ ప్రభువు బల్ల దగ్గర లెక్కకు వచ్చేవి ఇవే.

చివరగా ఆ లాటిన్‌ మాట దగ్గరికే మరోసారి వెళదాం. 'వెనీరే' అంటే రావడం అన్నాం కదా. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలూ మనం పాటించే 'అడ్వెంట్‌' కూడా ఆ వేరు నుంచి పుట్టినదే. మన దగ్గరికి రావడం అని దాని అర్థం. పశువుల తొట్టి ఎవరికీ వీలైన చోటు కాదు. సిలువ ఎవరికీ సౌకర్యం కాదు. అయినా ఆయన వచ్చాడు, నిబంధన చేశాడు. ఆయన ముందు వచ్చాడు గనుక మనం కలిసి రావాలి. వచ్చాక, దారిలో వెనుకబడి నడిచి వస్తున్న సహోదరుడు చేరేదాకా కాసేపు ఆగాలి.