చేతి మంట... మెదడులో మజిలీ

ఫిబ్రవరి వచ్చిందంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు ఎర్రబారిపోతుంది. ఎటు చూసినా బస్తాల మీద బస్తాలు! ఘాటైన తేజ ఒకవైపు, కారం తక్కువైనా రంగుకు పేరుపడ్డ చపాటా మరోవైపు. 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నది ఈ చపాటాయే. గేటు దాటగానే తుమ్ములు మొదలు. కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ అది కాసేపటి బాధ. పొద్దంతా కూర్చుని తొడిమలు తీసే ఆడకూలీలకు మాత్రం మంట ఇంటిదాకా వెంట వస్తుంది. అన్నం కలుపుకోవాలన్నా, చంటిపిల్లను ఎత్తుకోవాలన్నా చేతులు భగ్గుమంటాయి.

చిత్రమేమిటంటే, ఆ చేతులు నిజంగా కాలలేదు. చర్మంలోని నాడుల కొసన టీఆర్‌పీవీ1 అనే ప్రొటీన్ ఉంటుంది. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకునే తలుపు అది. మిరపలోని క్యాప్సైసిన్ ఆ తలుపునే తోసేస్తుంది. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం ఈ గుట్టు విప్పింది. 2021లో ఆయన నోబెల్ పంచుకున్నారు. కారం తగిలిన తలుపు తక్కువ వేడికే తెరుచుకుంటుంది. పని నుంచి వచ్చి వేణ్నీళ్లు పోసుకుంటే ప్రాణం లేచిపోయేది అందుకే!

అక్కడి నుంచి కబురు సన్నని నాడుల వెంట బయల్దేరుతుంది. నెమ్మది నడక... సెకనుకు మీటరు అటూఇటూ. వెన్నుపాములో మరో నాడీకణం దాన్ని అందుకుంటుంది. ఎడమచేతి కబురైతే కుడివైపుకు దాటి పైకెక్కుతుంది. అది మెదడుకు చేరింది, మనం ‘అమ్మా’ అన్నాం, అంతే కదా అనుకుంటాం. కానీ కొన్ని తంతువులు దారిలోనే, మధ్య మెదడు దగ్గర దిగిపోతాయి. ఎలుక, పిల్లి, కోతి, మనిషి... అందరిలోనూ ఉన్నదే ఈ మజిలీ. వాటిలో కొన్ని, నొప్పి పుట్టినవైపు తలనూ చూపునూ తిప్పే భాగానికి వెళ్తాయి. మరికొన్ని, మెదడు మధ్యలోని సన్నటి నీటికాలువ చుట్టూ ఉన్న బూడిదరంగు పదార్థానికి.

అసలు కథ అక్కడుంది. 1969లో డేవిడ్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త ఎలుకల మెదడులో సరిగ్గా అక్కడ సన్నటి తీగతో కరెంటు ఇచ్చి, మత్తుమందు లేకుండా పొట్ట ఆపరేషన్ చేశారు. ఎలుకలు మేలుకునే ఉన్నాయి, అల్లాడలేదు! కబురు అందుకున్న చోటే, దాన్ని వెన్నుపాములోనే తొక్కిపట్టమని కిందికి ఆజ్ఞ పంపగలదన్నమాట. శరీరం సొంతంగా తయారుచేసుకునే నల్లమందులాంటి రసాయనాలు అందుకు తోడు.

పని హడావుడిలో అంతగా తెలియని మంట, పక్కమీద వాలాక విజృంభించడం వెనక కొంత ఉన్నది ఇదే. అలాగని అది మనసు కల్పించుకున్న బాధ కాదు. ఇదే దారి మంటను పెంచనూగలదు, భయమూ నిద్రలేమీ తోడైతే మరీనూ. ‘అలవాటైపోతుందిలే’ అనే మాటలో సగం నిజం లేకపోలేదు. క్యాప్సైసిన్ మళ్లీమళ్లీ తగిలితే నాడుల కొసలు మొద్దుబారతాయి. మొద్దుబారేదాకా ఓర్చుకోవాల్సింది మాత్రం ఆ తల్లులే.

క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు చేతులకు మంచినూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బు పెట్టి చన్నీళ్లతో కడగాలి. అసలు గ్లౌజులు తొడుక్కుంటే ఈ బాధే తగ్గుతుంది. కానీ వాటితో వేళ్లకు పట్టు చిక్కదు, పని జాగవుతుంది. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట తొడుక్కునేది ఎందరు?