వెతకాల్సింది ఎవరు?

1940 నుంచి 1944 దాకా పారిస్‌లోని జూ ద పోమ్ మ్యూజియం నాజీల దోపిడీ సొత్తుకు గోదాము. యూదుల ఇళ్ల నుంచి లాక్కొచ్చిన చిత్రాలను అక్కడ పద్దు రాసి, పెట్టెల్లో సర్ది, జర్మనీ రైలెక్కించేవారు. నాజీ అగ్రనేత గోరింగ్ స్వయంగా వచ్చి నచ్చినవి ఏరుకునేవాడు. అక్కడే పనిచేసిన రోజ్ వాలాన్ తనకు జర్మన్ వచ్చన్న సంగతి పొక్కనివ్వలేదు. ఏ బొమ్మ ఎవరిది, ఏ పెట్టె ఎక్కడికి పోతోంది, అన్నీ రహస్యంగా రాసుకున్నారు. పట్టుబడితే ప్రాణాలకే ముప్పు. ఆ రాతల ఆధారంగానే మిత్రరాజ్యాల అధికారులు బవేరియాలోని నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు చేరి దాచిన సొత్తు పట్టుకున్నారు.

ఫ్రాన్స్‌కు సుమారు 60,000 వస్తువులు తిరిగొచ్చాయి. 1950 నాటికి వాటిలో దాదాపు 45,000 సొంతదారులకు చేరాయి. మిగిలినవాటిలో చాలామటుకు ప్రభుత్వం అమ్మేసింది. రెండువేల పైచిలుకు వస్తువులను మ్యూజియాలకు అప్పగించింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు వెనక్కి వెళ్లినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఎవరూ అడగలేదన్నది అప్పటి సమాధానం.

అడగడానికి ఎవరు మిగిలారు? సొంతదారులు ఎందరో నాజీ శిబిరాల్లో చనిపోయారు. పిల్లలు దేశదేశాలకు చెదిరిపోయారు. ఇంటితోపాటు కాగితాలూ పోయాయి. బొమ్మ వెనకవైపు అతికించిన గ్యాలరీ చీటీలు, వేలం ముద్రలు, చివరికి దోచినవాళ్లు వేసిన నంబర్లు కూడా మ్యూజియం చేతిలోనే ఉన్నాయి. దొంగసొత్తు ఇంట్లో పెట్టుకుని, రసీదు తెస్తే ఇస్తామన్నట్టుంది ఈ వరస.

1998లో వాషింగ్టన్‌లో 44 దేశాలు ఇలాంటి చిత్రాల ఆచూకీ తీయాలని ఒప్పుకున్నాయి. అయితే ఆ ఒప్పుదలకు చట్టబలం లేదు. చిత్రకారుడు క్లిమ్ట్ గీసిన గులాబీ పొదల చిత్రాన్నే చూడండి. 1938లో వియన్నాలో దాని సొంతదారు, యూదు మహిళ నోరా స్టియాస్నీ చేత కారుచౌకగా అమ్మించారు. 1942లో ఆమెను చంపేశారు. సంగతి తెలియక ఫ్రాన్స్ 1980లో ఆ చిత్రాన్ని కొన్నది. వారసులకిచ్చేందుకు 2022లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. 2023 చట్టంతో ఆ తిప్పలు తప్పాయి. నిపుణుల సంఘం అభిప్రాయం తీసుకుని ప్రభుత్వమే ఇచ్చేయవచ్చు.

మంచిదే. కానీ వారసుడు వచ్చేదాకా ఆగితే, తమకు రావాల్సింది ఉందన్న సంగతే తెలియనివారి మాటేమిటి? తెలియక కొన్నామనే మ్యూజియం దొంగ కాదు. తెలుసుకునే వీలుండీ వెతకకపోతే మాత్రం తప్పు దానిదే. 1933-45 మధ్య ఎవరి చేతుల్లో ఉందో తేలని ప్రతి చిత్రం పక్కనా ఆ సంగతి రాసిపెట్టాలి. ఆచూకీ తీసే పరిశోధకులకు, కొత్త చిత్రాల కొనుగోలుకన్నా ముందు, ఏటా బడ్జెట్‌లో డబ్బు కేటాయించాలి.