లేబర్ రూముకీ ఒక ఆచారం ఉంది

నర్సులకు 'సాంస్కృతిక సున్నితత్వం' నేర్పాలి అన్న మాట వినబడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కుటుంబాల ఆచారాలు తెలుసుకోవాలట, పథ్యం గురించి అడగాలట. మంచిదే. కానీ ఆచారాలు గూడేలకీ వాడలకీ మాత్రమే ఉంటాయా? లేబర్ రూముకి లేవా?

2004లో గోదావరి ఏజెన్సీ అంచున ఒక సర్కారు ఆసుపత్రిలో నా కాన్పు. అమ్మని తలుపు బయటే ఆపేశారు. నన్ను వెల్లకిలా పడుకోబెట్టారు. అరిస్తే, "మొగుడి పక్కలో పడుకున్నప్పుడు తెలీలేదా?" అంది నర్సు. (ఈ మాట పడనివాళ్ళు మనలో ఎందరు?) పక్క మంచం మీది కోయ అమ్మాయికి తెలుగు అంతంతమాత్రం. నొప్పులకి తాళలేక కిందికి దిగి గొంతుక్కూర్చుంది. చెంప మీద కొట్టి మళ్ళీ ఎక్కించారు. నాకు తిట్టు, ఆమెకి దెబ్బ. ఎవరికి ఎంత అన్న లెక్క అక్కడా తప్పలేదు.

మా అమ్మ నన్ను కన్నది గొంతుక్కూర్చునే, దూలానికి కట్టిన తాడు పట్టుకుని, మంత్రసాని చేతుల్లో. అది మోటుతనం, వెల్లకిలా పడుకోవడం శాస్త్రం! స్త్రీ తనకు నచ్చిన భంగిమలో కనొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫార్సు చేసింది. కాన్పు అనుభవం ఉన్న ఆడతోడుని లోపలికి రానివ్వమని మన కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. మంత్రసానుల కాలాన్ని నేను నెత్తిన పెట్టుకోను. మా పెద్దమ్మ ఆ దూలం కిందే నెత్తురు పోయి చచ్చిపోయింది. అందుకే ఆసుపత్రికి వెళ్ళాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. మొత్తం కాన్పుల్లో 60.7 శాతం కడుపు కోసి తీసినవే. ప్రాణం కోసం వెళ్ళినవాళ్ళం, ఒంటి మీద హక్కు గుమ్మం దగ్గర వదిలేసి వెళ్ళాలా?

అట్లాగని కుటుంబాన్ని గౌరవించడమంటే అత్తగారు చెప్పినట్టు చెయ్యడం కాదు. ముర్రుపాలు పిండి పారబోయించడమూ ఆచారమే. బాలింతకి నీళ్ళు పుట్టనివ్వకపోవడమూ ఆచారమే. అడగాల్సింది కంటున్న మనిషిని, ఆమె భాషలో. కోయ వచ్చిన మనిషి ఒక్కరైనా ఆ గదిలో ఉండాలి కదా!

ఆ నర్సుని తిట్టి ఊరుకుందామంటే నాకు మనసొప్పదు. ఆ రాత్రి ఏడు మంచాలకీ ఆవిడ ఒక్కతే. సున్నితత్వం పాఠాలు తర్వాత చెప్పండి, ముందు రెండో నర్సుని వెయ్యండి. ఆ తలుపు తీసి అమ్మల్ని లోపలికి రానివ్వండి.