పోయిన పూట కూలి ఎవరిది?

ఉర్దూలో ‘హునర్’ అన్న మాట ఉన్నది. దర్జీ చేతిలోని కత్తెరకూ, కవి చేతిలోని కలానికీ, క్రీడాకారుని పాదానికీ ఆ ఒక్క మాటే చెల్లుతుంది. తెలుగులో మనము ఒకదానిని పనితనమనీ, మరొకదానిని ప్రతిభ అనీ వేరుచేసి, మొదటిదానికి కూలి, రెండవదానికి చప్పట్లు కేటాయించినాము. ఈ పంపకము ఎంతవరకు న్యాయమన్న ప్రశ్న, డాలీ మెసెంజర్ అనే పడవ మేస్త్రీ చరిత్ర చదివినప్పుడు నాకు కలిగినది.

హెర్బర్ట్ హెన్రీ మెసెంజర్ 1883 ఏప్రిల్ 12న ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో జన్మించినాడు. పసితనంలో బొజ్జతో ఉండుటచేత, బొజ్జగల ఒక రాజకీయ నాయకుని పేరును ఇంటివారు వేళాకోళానికి అతనికి తగిలించినారు. ఆ ‘డాలీ’ అన్న పేరే చరిత్రలో నిలిచినది. తండ్రి పడవలు కట్టేవాడు, తెడ్డు పందెములలో పేరు మోసినవాడు. డబుల్ బే తీరాన ఉన్న ఆ పడవల షెడ్డులోనే కుమారుడు కూడ పని నేర్చినాడు.

రగ్బీ మన ప్రాంతంలో అంతగా ప్రచారములో లేని ఆట గనుక ఒక్క మాట. గుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగెత్తి, ప్రత్యర్థుల గీత దాటించి నేలకు ఆనించవలెను. లేదా నిలువు గుంజల నడుమ, అడ్డుగుంజ మీదుగా తన్నవలెను. మెసెంజర్ రెండింటిలోనూ దిట్ట. 1907 నాటికి అతని ఆట చూచుటకే జనము మైదానానికి వచ్చేవారు. టిక్కెట్ల డబ్బు సంఘానికి, జయధ్వానాలు అతనికి. మరునాడు మరల షెడ్డు, బాడిస, చిత్రిక.

ఈ ఏర్పాటు వెనుక ఒక సిద్ధాంతమున్నది. ఆట గౌరవము కొరకే గాని ధనము కొరకు గాదని ఇంగ్లండులోని రగ్బీ పెద్దల మతము. వినుటకు ఎంతో ఉదాత్తముగా ఉన్నది. కాని యార్క్‌షైర్, లాంకషైర్ జిల్లాలలో ఆడేవారు గనికార్మికులు, మిల్లు కూలీలు. శనివారము మధ్యాహ్నము వరకు వారికి పని. పొరుగూరిలో ఆట ఉన్నదంటే పూట పని మానవలెను, పూట కూలి పోగొట్టుకొనవలెను. ఆ పోయిన కూలినైనా ఇప్పించండని వారు అడిగినారు. 1893లో లండనులో జరిగిన మహాసభ 282 ఓట్లకు 136 ఓట్లతో ఆ కోరికను త్రోసిపుచ్చినది. ఆటకు తీరిక లేనివాడు ఆట మానుకొనవలసినదేనని ఆ వర్గపు పెద్దమనిషి ఒకరు వ్రాసినాడు కూడ. తరతరాల ఆస్తి గలవానికి ఇంతకన్న సులభమైన ఆదర్శము మరొకటి ఉండదు!

1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జి హోటలులో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై, వేరుపడి నార్దరన్ యూనియన్ స్థాపించుకొన్నవి. నేటి రగ్బీ లీగ్ అందుండి పుట్టినదే. మొదట వారు ఇచ్చినది జీతము గాదు. పోయిన పనికి రోజుకు ఆరు షిల్లింగులు మాత్రమే. 1898లో జీతము అనుమతించినప్పుడు కూడ, ఆటగాడు వేరొక నిజమైన వృత్తిలో ఉండి తీరవలెనని షరతు పెట్టినారు. బిలియర్డ్స్ బల్ల దగ్గర లెక్క చూచుట, సారాయి దుకాణంలో వడ్డించుట వంటి కొలువులు వృత్తి క్రింద లెక్కకు రావని తేల్చినారు! ఆట మనిషిని పూర్తిగా మ్రింగివేయరాదన్న ఆ ఉద్దేశము నాకు నచ్చినది. కాని పని ఊడినవానికి ఆట కూడ ఊడుట ఏమి ధర్మమో తెలియదు. 1905లో ఆ షరతు ఎత్తివేసినారు.

ఇక సిడ్నీకి మరల వత్తాము. అక్కడ అలెక్స్ బర్డన్ అనే క్షురకుడు, ఆయన కూడ గొప్ప ఆటగాడే, ఆటలో గాయపడి కొంతకాలము పని చేయలేకపోయినాడు. చేయి స్వాధీనములో లేని క్షురకునికి దుకాణము మూతే గదా! రగ్బీ సంఘము అతనికి పరిహారమీయలేదు. ఆ విషయమై మొదలైన చర్చలకు నిలయము మనవారికి క్రికెట్ వీరునిగా తెలిసిన విక్టర్ ట్రంపర్ క్రీడాసామగ్రి దుకాణము. 1907 ఆగస్టు 8న న్యూ సౌత్ వేల్స్ రగ్బీ లీగ్ ఏర్పడినది. జనము వచ్చుటకు మెసెంజర్ కావలెను. వ్యాపారి జేమ్స్ గిల్టినన్, ట్రంపర్ కలిసి అతనిని అడుగుటకు వెళ్ళినారనీ, తల్లి అనుమతి లభించిన పిమ్మటనే అతడు సరేనన్నాడనీ చెబుతారు. అదే నెల 17న న్యూజీలాండు జట్టుతో జరిగిన పోటీలో అతడు ఆడినాడు. రగ్బీ యూనియన్ అతనిని బహిష్కరించినది. ఆ న్యూజీలాండు జట్టును సమకూర్చినవాడు ఆల్బర్ట్ బాస్కర్‌విల్ అనే తపాలా గుమాస్తా. డబ్బు పుచ్చుకొంటున్నారని పత్రికలు ఆ జట్టును ‘ఆల్ గోల్డ్స్’ అని, అనగా అంతా బంగారమేనని, ఎగతాళి చేసినవి. వారితో ఇంగ్లండు వెళ్ళిన మెసెంజర్ ఆ పర్యటనలో అందరికన్న ఎక్కువ పాయింట్లు సాధించినాడు.

1908-09లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండు వెళ్ళినప్పుడు పడవ మేస్త్రీ, క్షురకుడు ఇద్దరూ అందులో ఉన్నారు. లాంకషైర్ నూలు మిల్లులు మూతపడిన రోజులవి. చూచేవారికే కూలి లేనప్పుడు టిక్కెట్లు ఎవరు కొంటారు? పర్యటన నష్టాల పాలై గిల్టినన్ దివాలా తీసినాడు. మెసెంజర్ మాత్రము ఈస్టర్న్ సబర్బ్స్ జట్టుతో 1911, 1912, 1913 సంవత్సరాలలో వరుసగా విజేతగా నిలిచి విరమించినాడు; 1959లో కన్నుమూసినాడు. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఉత్తమ క్రీడాకారునికి ఏటా ఇచ్చే పతకము అతని పేరుతోనే ఉన్నది. ఇక రగ్బీ యూనియన్ కూడ 1995లో, సరిగ్గా నూరేండ్లకు, ఆటగాండ్లకు జీతము ఒప్పుకొన్నది.

విద్యార్థి మిత్రులారా, ఈ కథ ఇక్కడ ఎందుకు చెబుతున్నానో మీలో కొందరు ఊహించియే ఉంటారు. మన హాకీ జట్టులో గత సంవత్సరము ఒక కుర్రవాడు మూడు పోటీలకు రాలేదు. సెలవు దినాలలో అతడు లేత్ షాపులో పని చేస్తాడు. జట్టు సమావేశంలో ‘నిష్ఠ లేనివాడు’ అని అతని పేరు కొట్టివేసినప్పుడు నేను కూడ తలయూపినాను. అతనికి ఇంటివద్ద ఎవరెవరు ఆధారపడి ఉన్నారో మాలో ఒక్కరమైనా అడుగలేదు.

కళాశాల కమిటీ పెద్దలు మాకు కర్రలు, బూట్లు, రైలు ఖర్చులు, ఫలాహారము ఇస్తున్నారు, అందుకు కృతజ్ఞులము. ఆ పద్దులకు మరొకటి చేర్చవలెనని నా మనవి: పోటీ నాడు పని మానవలసివచ్చిన విద్యార్థికి అతని ఆనాటి కూలి. యజమాని సంతకము గల చీటీ చాలును. దానమని గాక ఖర్చు అనియే వ్రాసుకొనవలెను. ధనము ఎక్కడిదని అడిగితే, వార్షికోత్సవపు షామియానా, పూలదండల బిల్లు ఒకసారి చూడవలసినదని వినయముగా చెబుతాను.

ఆ కుర్రవాడు ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉన్నాడు. అంతర కళాశాలల పోటీలు డిసెంబరులో.